విరిగిన కుర్చీ వెల ఎంత? ధరావతు ఎవరిది?

అండమాన్ గృహ వసతుల్లో యజమానికీ, అతిథికీ నడుమ తెగని లెక్క

తుష్నాబాద్ (అండమాన్ నికోబార్ దీవులు): విహారయాత్రకు వచ్చిన కుటుంబం మూడు రాత్రులు బస చేసి, నాలుగోనాటి ఉదయం విమానం అందుకోవడానికి సామాను సర్దుకుంటుంది. గదులు చూసి వచ్చిన ఇంటి యజమాని, స్నానాల గదిలోని వాష్‌బేసిన్ చిట్లి ఉందని, ముందుగా తీసుకున్న రూ. 5,000 ధరావతును తిరిగి ఇవ్వజాలనని చెబుతాడు. తాము వచ్చేనాటికే ఆ చిట్లు ఉన్నదని అతిథి వాదిస్తాడు. విమానం బయలుదేరడానికి రెండు గంటల వ్యవధి మాత్రమే ఉంటుంది. ఎవరి వద్దా కాగితం ఉండదు. ఉభయుల్లో ఎవరు గట్టిగా మాట్లాడగలిగితే వారిదే పైచేయి అవుతుంది.

ఇది ఏ ఒక్క ఇంటికో, ఏ ఒక్క కుటుంబానికో పరిమితమైన ఉదాహరణ కాదు. ఇంటి గదులను పర్యాటకులకు అద్దెకు ఇచ్చే పద్ధతి వ్యాపించిన ప్రతిచోటా ఇటువంటి తగవు తలెత్తే అవకాశం ఉంది. పెద్ద హోటళ్లకు ఒక కుర్చీ విరిగినా, ఒక దుప్పటి మాసినా అది నిత్య వ్యాపార వ్యయంలో కలిసిపోతుంది. రెండు గదులపై వచ్చే ఆదాయంతో సంసారం నడుపుకొనే గృహస్థుకు అదే నష్టం ఒక నెల మిగులును హరించివేస్తుంది. మరోవైపు, జీతం రాళ్లలో కొంత కూడబెట్టుకొని యాత్రకు వచ్చిన మధ్యతరగతి కుటుంబానికి రూ. 5,000 పోవడం చిన్న విషయమేమీ కాదు.

ఈ తగవుకు చట్టంలో సమాధానం లేకపోలేదు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం మొదలు 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం వరకు పలు నిబంధనలు ధరావతు ప్రశ్నను స్పృశిస్తున్నాయి. అయితే స్వల్పకాలిక విహార వసతి కోసమే ప్రత్యేకించిన దేశవ్యాప్త శాసనం లేకపోవడంతో, ఎవరి హక్కు ఎంతవరకో తెలియక ఉభయులూ ఇబ్బందుల పాలవుతున్నారు.

పల్లెల దాకా పర్యాటకం

తుష్నాబాద్ దక్షిణ అండమాన్ జిల్లా ఫెరార్‌గంజ్ తహసీల్‌లోని గ్రామం. 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా పేరు మార్చుకున్న పోర్ట్ బ్లెయిర్ పట్టణమే ఈ దీవులకు ప్రధాన ద్వారం. అక్కడి విమానాశ్రయంలో 2023 జూలైలో కొత్త టెర్మినల్ ప్రారంభమైంది. 2018 డిసెంబరులో స్వరాజ్ ద్వీప్‌గా, షహీద్ ద్వీప్‌గా పేర్లు మారిన హేవ్‌లాక్, నీల్ దీవులకే పర్యాటకుల్లో అత్యధికులు తరలిపోతారు. రద్దీకి దూరంగా, కొబ్బరి, పోక తోటల నడుమ పల్లెపట్టున బస చేయగోరేవారు కూడా లేకపోలేదు. అటువంటి వారికి ఆశ్రయమిచ్చేది ఇంటి వసతే.

తెలుగువారికి ఈ దీవులు పరాయివి కావు. 2011 జనాభా లెక్కల ప్రకారం దీవుల జనాభా 3,80,581 కాగా, వారిలో తెలుగు మాతృభాషగా గలవారు 13 శాతానికి పైగా, అనగా సుమారు 50 వేల మంది ఉన్నారు. వీరిలో ఉత్తరాంధ్ర తీరం నుంచి తరలివెళ్లిన కుటుంబాలే ఎక్కువ. చెన్నై, కోల్‌కతాలతో పాటు విశాఖపట్నం నుంచి కూడా ప్రయాణికుల నౌకలు దీవులకు నడుస్తూ వచ్చాయి. కేంద్ర ప్రభుత్వోద్యోగులు సెలవు ప్రయాణ రాయితీపై అండమాన్‌కు విమానంలో వెళ్లేందుకు 2014 నుంచి కల్పించిన ప్రత్యేక సడలింపు సైతం యాత్రికుల రాకకు తోడ్పడింది. ఆ విధంగా ఇంటి యజమానీ, అతిథీ ఇరువురూ తెలుగువారే కావడం ఇక్కడ వింత కాదు. భాష ఒకటైనంత మాత్రాన లెక్క తేలికగా తేలుతుందన్న భరోసా మాత్రం లేదు.

గృహ వసతి విధానానికి ప్రభుత్వ ప్రోత్సాహం కొత్తది కాదు. 2010 కామన్వెల్త్ క్రీడలకు ముందే కేంద్ర పర్యాటక మంత్రిత్వశాఖ 'ఇన్‌క్రెడిబుల్ ఇండియా బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్' పథకాన్ని ప్రవేశపెట్టింది. ఒకటి నుంచి ఆరు గదుల వరకు, 12 పడకలకు మించకుండా అతిథులకు ఇవ్వవచ్చునని, యజమాని కుటుంబం అదే ఇంట నివసిస్తూ ఉండాలని ఈ పథకం నిర్దేశించింది. గృహ వసతులకు ముద్ర రుణాలు అందజేయగలమని 2025-26 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించడం జరిగింది. రుణం తెచ్చి గదులకు మంచాలు, పరుపులు, నీటి హీటర్లు అమర్చుకున్న గృహస్థుకు ఆ వస్తువుల భద్రత మరింత ముఖ్యమవుతుంది.

దీవుల్లో మరమ్మతు భారం ప్రధాన భూభాగం కంటె ఎక్కువ. వాష్‌బేసిన్, కుళాయి, విద్యుత్ పరికరం వంటివి చాలావరకు ఓడపై రావలసినవే. వస్తువు వెలకు రవాణా ఖర్చు తోడవుతుంది. వాతావరణం అనుకూలించక ఓడ ఆలస్యమైతే గది అన్ని రోజులూ ఖాళీగా ఉంటుంది. పనివాడు పట్టణం నుంచి పల్లెకు వచ్చి వెళ్లే కూలీ వేరు. అందువల్లనే విశాఖలో వెయ్యి రూపాయలలో ముగిసే మరమ్మతు ఇక్కడ అంతకు మించి కాగలదు. ఈ వాస్తవం తెలియని అతిథికి యజమాని చెప్పే లెక్క దోపిడీగా తోచడం సహజం.

మూడు సొమ్ములు, మూడు స్వభావాలు

వివాదాలకు మొదటి కారణం పేర్ల గందరగోళమే. అతిథి ముందుగా చెల్లించే సొమ్ము మూడు రకాలుగా ఉంటుంది. గది నిలిపి ఉంచేందుకు ఇచ్చేది బయానా. బసకు సంబంధించి ముందుగా ముట్టజెప్పేది అద్దె అడ్వాన్సు. వస్తువులకు నష్టం వాటిల్లితే పూచీగా ఉండేందుకు ఇచ్చేది ధరావతు. మొదటి రెండూ చివరకు అద్దెలో కలిసిపోతాయి. మూడవది అద్దెతో సంబంధం లేనిది. నష్టం లేనిపక్షంలో అది పూర్తిగా అతిథికి తిరిగి చేరవలసిన సొమ్ము.

ఆచరణలో ఈ మూడింటినీ 'అడ్వాన్సు' అనే ఒకే మాటతో వ్యవహరించడం పరిపాటి. అతిథి యాత్ర రద్దు చేసుకుంటే ఎంత పోతుంది, కుర్చీ విరిగితే ఎంత పోతుంది అన్న రెండు వేర్వేరు ప్రశ్నలు అందువల్ల ఒకటిగా కలిసిపోతున్నాయి. రసీదుపై ఏ సొమ్ము ఎందుకోసమో విడివిడిగా రాసి ఉంటే సగం తగవులు పుట్టనే పుట్టవు.

పన్ను విషయంలోనూ ఈ తేడా ముఖ్యమైనదే. 2017 నాటి కేంద్ర వస్తుసేవల పన్ను చట్టం ప్రకారం, ఇచ్చిన ధరావతును సేవకు ప్రతిఫలంగా సర్దుబాటు చేసుకునేంతవరకు దానిని చెల్లింపుగా పరిగణించరాదు. ఒప్పంద ఉల్లంఘన వల్ల కలిగిన నష్టానికి పరిహారంగా వసూలు చేసే సొమ్ము సాధారణంగా సేవకు ప్రతిఫలం కాబోదని కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు 2022 ఆగస్టులో జారీ చేసిన సర్క్యులర్ స్పష్టీకరించింది. ఏటా రూ. 20 లక్షల లోపు రాబడి గల గృహస్థులకు సాధారణంగా రిజిస్ట్రేషన్ అవసరం ఉండదు. కాని లెక్క విడిగా ఉంచుకోవడం అందరికీ మేలు చేసేదే.

బంగాళాదుంపల కేసు చెప్పిన పాఠం

ధరావతు జప్తుపై సుప్రీంకోర్టు ఇచ్చిన ముఖ్యమైన తీర్పు పర్యాటక రంగానికి చెందినది కాదు. అది సైన్యానికి కూరగాయలు, గుడ్లు సరఫరా చేసిన కాంట్రాక్టరుకు సంబంధించినది. 1947లో మౌలాబక్స్ అనే కాంట్రాక్టరు సైనిక కేంద్రానికి బంగాళాదుంపలు సరఫరా చేసేందుకు ఒకటి, కోళ్లు, గుడ్లు, చేపలు సరఫరా చేసేందుకు మరొకటి చొప్పున రెండు ఒప్పందాలు కుదుర్చుకుని, వాటికి వరుసగా రూ. 10,000, రూ. 8,500 ధరావతు చెల్లించాడు. సరఫరా సక్రమంగా జరగలేదంటూ ప్రభుత్వం ఒప్పందాలను రద్దు చేసి, మొత్తం రూ. 18,500 జప్తు చేసుకుంది.

వివాదం సుప్రీంకోర్టుకు చేరగా 1969లో తీర్పు వెలువడింది. బయానా జప్తు సహేతుకంగా ఉంటే అది శిక్ష కాదని, కాని ధరావతు బయానా కాదని న్యాయస్థానం విడదీసి చెప్పింది. కాంట్రాక్టరు సరఫరా చేయని సరుకును ప్రభుత్వం బయట ఏ ధరకు కొన్నదో సాక్ష్యం చూపి నష్టాన్ని రుజువు చేసే అవకాశం ఉన్నదని, ఆ పని చేయకుండా సొమ్మంతా ఉంచుకోవడం చెల్లదని నిర్ణయించింది. అంగడిలో బంగాళాదుంపల ధర ఎంతో చెప్పగలిగిన ప్రభుత్వం ఆ ధర చూపకనే ఓడిపోయింది. మరమ్మతు బిల్లు చూపగలిగి కూడా చూపని ఇంటి యజమానికి ఈ తీర్పు వర్తించే తీరు సులభంగానే ఊహించవచ్చును.

కాంట్రాక్టు చట్టంలోని 73, 74 సెక్షన్లు ఇందుకు ఆధారం. ఒప్పందం ఉల్లంఘించిన పక్షం దాని నుంచి సహజంగా కలిగిన నష్టాన్ని భర్తీ చేయాలని 73వ సెక్షన్ చెబుతోంది. ఉల్లంఘన జరిగితే ఇంత చెల్లించాలని ఒప్పందంలోనే ఒక మొత్తాన్ని పేర్కొన్నపుడు, ఆ మొత్తానికి మించకుండా సహేతుకమైన పరిహారం మాత్రమే లభిస్తుందని 74వ సెక్షన్ నిర్దేశించింది. అనగా ఒప్పందంలో రాసిన అంకె గరిష్ఠ పరిమితియే కాని, యాంత్రికంగా వసూలయ్యే మొత్తం కాదు. 'ఏ వస్తువు పాడైనా ధరావతు మొత్తం వాపసు ఉండదు' అని గోడపై రాసినంత మాత్రాన యజమానికి ఆ హక్కు సంక్రమించదు.

1963లో ఫతేచంద్ కేసులో సైతం రాజ్యాంగ ధర్మాసనం ఇదే బాటన నడిచింది. ఢిల్లీలోని ఒక బంగళా కొనుగోలుకు చెల్లించిన రూ. 25,000లో బయానాగా ఇచ్చిన రూ. 1,000 మాత్రమే జప్తుకు అర్హమని నిర్ణయించింది. 2015 జనవరిలో కైలాష్ నాథ్ సంస్థకూ, ఢిల్లీ అభివృద్ధి ప్రాధికార సంస్థకూ మధ్య వ్యాజ్యంలో సుప్రీంకోర్టు ఈ సూత్రాలను మళ్లీ క్రోడీకరించింది. వేలంలో స్థలం పాడుకున్న సంస్థ చెల్లించిన రూ. 78 లక్షలను ప్రాధికార సంస్థ జప్తు చేసుకుంది. తరువాత అదే స్థలాన్ని రూ. 11.78 కోట్లకు విక్రయించి లాభపడింది. నష్టమే లేనిచోట పరిహారం ఎక్కడిదని ప్రశ్నించిన న్యాయస్థానం సొమ్ము వాపసుకు ఆదేశించింది.

అయితే నాణేనికి మరో వైపు కూడా ఉంది. నష్టాన్ని అంకెల్లో రుజువు చేయడం కష్టమైన సందర్భాల్లో, ముందుగా నిజాయితీగా వేసుకున్న అంచనా మొత్తాన్ని రుజువు లేకుండానే ఇప్పించవచ్చునని 2003 నాటి సా పైప్స్ తీర్పు, తరువాతి తీర్పులు అంగీకరించాయి. కుర్చీ మరమ్మతుకు బిల్లు వస్తుంది. కాని గదిలో సిగరెట్ వాసన పోయేదాకా ఒక రోజు అతిథిని చేర్చుకోలేకపోవడం వంటి నష్టాన్ని లెక్కకట్టడం తేలిక కాదు. అటువంటి వాటికి ముందే స్వల్ప మొత్తాన్ని నిర్ణయించి ఒప్పందంలో చేర్చితే నిలబడే అవకాశం ఎక్కువ.

వినియోగదారుని చేతిలో కొత్త ఆయుధం

2020 జూలైలో అమలులోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ఈ విషయంలో మరో అడుగు ముందుకు వేసింది. 'అన్యాయపు ఒప్పందం' అనే భావనను నిర్వచిస్తూ, వినియోగదారుని నుంచి స్పష్టంగా మితిమీరిన ధరావతు కోరడాన్ని ఆ జాబితాలో మొట్టమొదటనే చేర్చింది. ఉల్లంఘన వల్ల కలిగిన నష్టానికి ఏమాత్రం పొంతన లేని జరిమానా విధించడం రెండవది. బస, భోజన వసతులు 'సేవ' నిర్వచనంలో పేరుతో సహా ఉన్నందున సొమ్ము తీసుకుని అతిథులకు ఇచ్చే వసతి ఈ చట్టం పరిధిలోకి వస్తుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఒప్పందంలోని షరతు అన్యాయమైనదని ప్రకటించి కొట్టివేసే అధికారం రాష్ట్ర, జాతీయ కమిషన్లకే ఉన్నది. ధరావతు అన్యాయంగా ఆపివేశారన్న ఫిర్యాదును సేవాలోపంగా జిల్లా కమిషన్ విచారించవచ్చును. రూ. 5 లక్షల లోపు విలువ గల ఫిర్యాదుకు రుసుము లేదు. వివాదం తలెత్తిన రెండేళ్లలోగా ఫిర్యాదు దాఖలు కావాలి.

దూరప్రాంత యాత్రికులకు మిక్కిలి ఉపయోగపడే మార్పు మరొకటి ఉంది. ఫిర్యాదుదారు తాను నివసించే లేదా పనిచేసే చోటనే కమిషన్‌ను ఆశ్రయించవచ్చునని కొత్త చట్టం అనుమతించింది. 1986 నాటి పాత చట్టం కింద సాధారణంగా ప్రతివాది ఉండే చోట గాని, వివాదం పుట్టిన చోట గాని ఫిర్యాదు చేయవలసి వచ్చేది. నేడు అండమాన్‌లో పోయిన ధరావతు గురించి విశాఖపట్నం వాసి విశాఖలోనే ఫిర్యాదు చేయగలడు. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915 నంబరుపై ఫోన్‌లో సలహా లభిస్తుంది.

ఈ సౌలభ్యమే పల్లె గృహస్థుకు భారంగా పరిణమించే ప్రమాదం ఉన్నది. రూ. 5,000 తగవుకు సముద్రం దాటి జవాబు చెప్పుకోవలసి వస్తే, గెలిచినా అతనికి మిగిలేది స్వల్పమే. పైగా వినియోగదారుల చట్టం ఏకముఖమైనది. అతిథి యజమానిపై ఫిర్యాదు చేయగలడు కాని, వస్తువులు పాడుచేసి వెళ్లిన అతిథిపై యజమాని అదే కమిషన్‌ను ఆశ్రయించలేడు. అతనికి మిగిలిన మార్గం సివిల్ దావా. విరిగిన కుర్చీకి దావా వేయడం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే. కావాలని ధ్వంసం చేస్తే 2024 జూలై నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 324వ సెక్షన్ కింద పోలీసు ఫిర్యాదు చేయవచ్చు గాని, పొరపాటున పగిలిన వస్తువుకు అది వర్తించదు.

కనుకనే ధరావతు యజమానికి దురాశ కాదు, ఆచరణలో అతనికున్న ఏకైక రక్షణ. దానిని మితంగా, రుజువుతో వాడుకోవడంపైనే అతని హక్కు నిలబడుతుంది.

అద్దె చట్టం దాటిపోయిన చోటు

కేంద్ర మంత్రివర్గం 2021 జూన్‌లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాస గృహాలకు రెండు నెలల అద్దెకు మించి ధరావతు వసూలు చేయరాదని, ఇల్లు ఖాళీ చేసి అప్పగించిన నాడే కోతలు పోను మిగిలిన సొమ్ము వాపసు ఇవ్వాలని సూచించింది. ఇదే కోవలో రాజ్యాంగంలోని 240వ అధికరణం కింద అండమాన్ నికోబార్ దీవుల అద్దె నిబంధనావళి, 2023 జారీకి మంత్రివర్గం 2023 అక్టోబరులో ఆమోదం తెలిపింది. లక్షద్వీప్, దాద్రా నాగర్ హవేలి-డామన్ డయ్యూలకు కూడా ఇటువంటి నిబంధనావళులను ఆమోదించడం జరిగింది.

ఇది చూసి విహార యాత్రికులకు కూడా రక్షణ లభించిందని భావిస్తే పొరపాటే. హోటళ్లు, లాడ్జీలు, ధర్మశాలలు, సత్రాల వంటివాటిని నమూనా చట్టం తన పరిధి నుంచి మినహాయించింది. నెలల తరబడి ఉండే కిరాయిదారుకు ఉద్దేశించిన రెండు నెలల పరిమితి మూడు రాత్రుల బసకు ఎటూ పొసగదు. ఇంట్లో ఏడాది ఉండే కిరాయిదారు ధరావతుకు ఒక కొలమానం ఉండగా, అదే దీవిలో మూడు రోజులు ఉండే అతిథి ధరావతుకు ఏ కొలమానమూ లేకపోవడం గమనార్హం.

ఈ పరిస్థితి మన దేశానికే పరిమితం కాదు. ఇంగ్లండ్, వేల్స్‌లలో ఇంటి యజమానులు తీసుకునే ధరావతును ప్రభుత్వం గుర్తించిన పథకంలో భద్రపరచాలన్న నిబంధన 2007 ఏప్రిల్ 6 నుంచి అమలులోకి వచ్చింది. సెలవుల్లో అద్దెకిచ్చే విహార గృహాలు మాత్రం ఆ రక్షణ వెలుపలనే ఉండిపోయాయి.

కొండపైన కాషన్ డిపాజిట్

తెలుగువారికి ఈ పద్ధతి కొత్తేమీ కాదు. తిరుమలలో గది తీసుకున్న ప్రతి యాత్రికునికీ 'కాషన్ డిపాజిట్' అన్న మాట సుపరిచితమే. గది అద్దెతో పాటు తిరుమల తిరుపతి దేవస్థానం ఈ సొమ్మును తీసుకుని, తాళం చెవి అప్పగించి గది ఖాళీ చేసిన పిమ్మట వాపసు చేస్తుంది. నగదు చెల్లింపు స్థానంలో ఆన్‌లైన్ చెల్లింపులు వచ్చాక ఈ సొమ్ము యాత్రికుని బ్యాంకు ఖాతాకే తిరిగి చేరుతోంది.

ఒకరి పేర గది తీసుకుని మరొకరికి అప్పగించే దళారులను అరికట్టేందుకు దేవస్థానం 2023 మార్చి 1 నుంచి ముఖాన్ని గుర్తించే సాంకేతిక విధానాన్ని ప్రయోగాత్మకంగా ప్రవేశపెట్టినపుడు, గదుల కేటాయింపుతో పాటు ధరావతు వాపసు కౌంటర్లను కూడా అందులో చేర్చడం జరిగింది. గది తీసుకున్న వ్యక్తీ, సొమ్ము వాపసు తీసుకునే వ్యక్తీ ఒకరే కావాలన్నది దీని ఆంతర్యం. వేలాది గదుల నిర్వహణలో ధరావతు ఎంత కీలకమో ఇది సూచిస్తుంది. రెండు గదుల ఇంటికి అంతటి యంత్రాంగం అక్కరలేదు. ఎవరి నుంచి తీసుకున్నారో వారికే, అదే మార్గంలో తిరిగి ఇవ్వాలన్న సూత్రం మాత్రం ఎక్కడైనా ఒక్కటే.

ఆన్‌లైన్ సంస్థల బాట

ఇంటి వసతిని అంతర్జాతీయ వ్యాపారంగా మార్చిన ఆన్‌లైన్ సంస్థలు సైతం ఈ చిక్కును ఎదుర్కొన్నాయి. 2011లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో ఒక మహిళ ఎయిర్‌బీఎన్‌బీ ద్వారా ఇంటిని అద్దెకు ఇవ్వగా, దిగిన వ్యక్తులు ఇంటిని కొల్లగొట్టి ధ్వంసం చేసిన ఉదంతం సంచలనం కలిగించింది. విమర్శలు పెల్లుబకడంతో ఆ సంస్థ అదే ఏడాది ఆగస్టులో యజమానులకు 50 వేల డాలర్ల వరకు నష్ట పూచీని ప్రకటించింది. 2012లో దానిని 10 లక్షల డాలర్లకు, 2022లో 30 లక్షల డాలర్లకు పెంచింది.

పూచీ మొత్తం భారీగా కనిపించినా దానిని పొందడానికి షరతులున్నాయి. అతిథి వెళ్లిన 14 రోజులలోగా యజమాని కోరిక దాఖలు చేయాలి. ఛాయాచిత్రాలు, మరమ్మతు అంచనాలు, రసీదులు జతపరచాలి. మొదట అతిథినే సొమ్ము అడగాలి. 1969లో సుప్రీంకోర్టు కోరిన రుజువునే మరో భాషలో ఈ సంస్థలూ కోరుతున్నాయన్న మాట.

నగదు చేతులు మారకుండానే పూచీ పొందే మార్గాలూ విస్తరిస్తున్నాయి. పెద్ద హోటళ్లు క్రెడిట్ కార్డుపై కొంత మొత్తాన్ని నిలిపి ఉంచి, నష్టం లేకుంటే విడిచిపెడతాయి. యూపీఐ చెల్లింపుల్లోనూ ఖాతాలో సొమ్మును నిలిపి ఉంచి, అవసరమైనపుడు మాత్రమే తీసుకునే సదుపాయాన్ని 2022 డిసెంబరులో రిజర్వు బ్యాంకు ప్రకటిస్తూ హోటల్ బుకింగులను ఉదాహరణగా పేర్కొంది. ఇటువంటి ఏర్పాటు చిన్న గృహస్థులకు కూడా అందుబాటులోకి వస్తే, సొమ్ము అతిథి ఖాతాలోనే ఉంటుంది, యజమానికి ధైర్యమూ మిగులుతుంది.

ఉప్పుగాలి చేసిన నష్టం అతిథిది కాదు

నష్టాన్ని రుజువు చేసినంతనే లెక్క పూర్తి కాదు. అది అతిథి చేసిన నష్టమా, కాలం చేసిన నష్టమా అన్నది తేలాలి. అండమాన్‌లో ఈ ప్రశ్నకు విశేష ప్రాధాన్యం ఉంది. ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షం కురిసే ఈ దీవుల్లో నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండింటి ప్రభావమూ ఉంటుంది. గాలిలో తేమ, ఉప్పు కలిసి తలుపు గడియలను, కుళాయిలను, ఫ్యాన్ రెక్కలను తుప్పు పట్టిస్తాయి. పరుపులకు బూజు పడుతుంది. కొయ్య సామానుకు చెదలు సోకుతుంది. తుప్పుతో బలహీనపడిన గడియ అతిథి చేతిలో ఊడివస్తే ఆ నష్టం అతిథిది కాబోదు. అదే గడియను బలవంతంగా పెకలిస్తే నష్టం అతిథిదే.

పాత వస్తువు పాడైనపుడు కొత్త వస్తువు వెల మొత్తం కోరడం కూడా న్యాయం కాదు. ఉదాహరణకు రూ. 8,000 పెట్టి కొన్న పరుపు ఎనిమిదేళ్లు మన్నుతుందనుకుందాం. ఐదేళ్లు వాడిన తరువాత అతిథి దానిని కాల్చివేస్తే, మిగిలిన మూడేళ్ల విలువ రూ. 3,000 మాత్రమే. దానికి ఓడ రవాణా, కూలీ చేర్చవచ్చును. రూ. 8,000 పూర్తిగా వసూలు చేస్తే పాత పరుపు స్థానంలో కొత్త పరుపును అతిథి ఖర్చుతో సంపాదించుకున్నట్లవుతుంది. నష్టపోయిన వ్యక్తిని నష్టానికి పూర్వ స్థితికి చేర్చడమే పరిహారం లక్ష్యం. అంతకు మించి లాభపరచడం కాదు.

అలాగే శుభ్రం చేసే ఖర్చు వేరు, నష్టం వేరు. ఇసుక కాళ్లతో గదిలోకి రావడం, దుప్పట్లు మాయడం సముద్రతీర బసలో మామూలే. వాటి ఖర్చు అద్దెలోనే కలిసి ఉండాలి. దుప్పటిపై నూనె, రంగు మరకలు శాశ్వతంగా నిలిచిపోయినపుడు మాత్రమే అది నష్టమవుతుంది.

పది నిమిషాల పని

తగవు రాకుండా నివారించేందుకు కావలసినది పెద్ద యంత్రాంగం కాదు. అతిథి దిగిన వెంటనే యజమానీ, అతిథీ కలిసి గదులు తిరిగి చూసి, వస్తువుల జాబితాపై సంతకాలు చేయడం మొదటి మెట్టు. అప్పటికే ఉన్న చిట్లు, మరకలు, తుప్పు అందులో రాయాలి. చేతిలోని ఫోన్‌తో తీసిన ఛాయాచిత్రాలను ఉభయులూ ఒకరికొకరు పంపుకుంటే తేదీ, సమయంతో సహా రుజువు నిలుస్తుంది. వెళ్లేటపుడు అదే జాబితా పట్టుకుని మళ్లీ చూడాలి. విమానం వేళకు కాక, ముందునాటి సాయంత్రమే ఈ పరిశీలన ముగిస్తే తొందరపాటుకు తావుండదు.

ధరావతు మొత్తాన్ని ఇంటిలోని ఖరీదైన వస్తువు వెలను బట్టి కాక, సాధారణంగా సంభవించగల నష్టాన్ని బట్టి నిర్ణయించడం యుక్తం. ఏ వస్తువుకు ఎంత కోత పడుతుందో ముందే తెలిపే చిన్న పట్టిక గోడపై ఉంటే అతిథికి దిగ్భ్రాంతి ఉండదు. వాపసు గడువు కూడా రసీదుపైనే రాయాలి. కోత విధించినపుడు దేనికి ఎంతో రాతపూర్వకంగా తెలిపి, మరమ్మతు బిల్లు ప్రతిని పంపి, మిగిలిన సొమ్మును వెంటనే తిరిగి చెల్లించాలి. మరమ్మతు ఆలస్యమయ్యే పక్షంలో వివాదం లేని భాగాన్నయినా అప్పటికప్పుడు వాపసు ఇవ్వడం విజ్ఞత.

సొమ్ము కోసం అతిథి గుర్తింపు కార్డును గాని, సామానును గాని పట్టి ఉంచడం యజమానికి క్షేమకరం కాదు. కాంట్రాక్టు చట్టం 171వ సెక్షన్ బ్యాంకర్లు, రేవు యజమానులు మొదలైన కొద్దిమందికే మొత్తం బాకీ కోసం వస్తువులను నిలిపి ఉంచుకునే హక్కును ఇచ్చింది. ఆ జాబితాలో వసతి గృహ యజమానులు లేరు. గదులను అద్దెకు ఇస్తున్న సంగతిని ఇంటి బీమా తీసుకునేటపుడు దాచిపెట్టడమూ ప్రమాదమే. నష్టం సంభవించినపుడు క్లెయిము తిరస్కరణకు అదే కారణం కావచ్చును.

అతిథి బాధ్యత కూడా తక్కువేమీ కాదు. వస్తువు పగిలితే వెళ్లేదాకా దాచక, ఆ పూటనే చెప్పడం మర్యాద మాత్రమే కాదు, ఖర్చు తగ్గించే మార్గం కూడా. కారుతున్న కుళాయి సంగతి మొదటి రోజే తెలిస్తే వాషరుతో సరిపోతుంది. మూడో రోజు తెలిస్తే గోడ తడిసిపోతుంది. ధరావతును చేతి నగదుగా కాక ఖాతా ద్వారా చెల్లించి, రసీదు అడిగి తీసుకోవడం అతిథికే రక్షణ.

పర్యాటకం దీవుల పల్లెలకు ఆదాయం తేగలదన్న ఆశతో ప్రభుత్వం గృహ వసతులకు రుణాలు ప్రకటించింది. ఆ ఆదాయం నిలకడగా ఉండాలంటే వచ్చిన అతిథి మళ్లీ రావాలి, మరొకరికి చెప్పాలి. నమోదైన గృహ వసతులన్నింటికీ ఒకే రకమైన వస్తువుల జాబితా, ధరావతు రసీదు నమూనాలను హిందీ, బెంగాలీ, తమిళం, తెలుగు భాషల్లో అందించడానికి పెద్ద వ్యయం కాదు. కొత్త శాసనం కోసం ఎదురుచూడవలసిన అగత్యం కూడా లేదు. చిట్లిన వాష్‌బేసిన్ ముందు నిలబడి వాదులాడుకునే ఇద్దరికీ కావలసినది, మూడు రోజుల క్రితం ఇద్దరూ సంతకం చేసిన ఒక్క కాగితమే.